బల్ల మీద ఒకే డబ్బా

పేలుడు మోత ఎదురు గుట్టకు తగిలి తిరిగొచ్చేదాకా ఎవరూ మాట్లాడలేదు. రూలోఫ్ పెద్ద రైఫిల్‌ను ఇసుక సంచి మీదనే ఉంచి కుడి భుజం తడుముకున్నాడు. తరవాత పేలిన గుల్ల బయటికి రావడానికి బోల్టు పిడి పట్టుకుని పైకెత్తాడు. పక్కన పీట మీద కూర్చున్న సారెల్ ముసలాయన కళ్ళు మూసుకుని ఆ పిడి చప్పుడే వింటున్నాడు.

"బరువుగా లేచిందా?"

"లేదు నాన్నా. వెన్నలా లేచింది."

"గుల్ల ఇటియ్యి."

వేడి వేడి ఇత్తడి గుల్లను ముసలాయన అరచేతిలో దొర్లించాడు. అడుగున ఉన్న చిన్న రాగి బిళ్ళ చుట్టూ బొటనవేలి గోటితో గీశాడు. బిళ్ళ అంచు గుండ్రంగా ఉంటే గోరు అక్కడ తట్టుకుంటుంది. లోపలి ఒత్తిడి హద్దు మీరితే ఆ బిళ్ళ సాగి పెనానికి అతుక్కున్న అట్టులా అయిపోతుంది. అప్పుడు గోరు జారిపోతుంది. ఇప్పుడు తట్టుకుంది. ముసలాయన తలాడించి తరవాతి మెట్టు తూటా అందించాడు. దాంట్లో మందు ముందుదానికంటే చిటికెడు ఎక్కువ.

రూలోఫ్ భార్య ఎల్సబే ఫ్లాస్కు మూత తీసి కాఫీ పోసింది. గట్టి రొట్టె ముక్కలున్న డబ్బా బండి బానెట్ మీద పెట్టింది. బండి నీడలో గొంతుక్కూర్చున్న రిసిమాటి రెండు చెవుల్లోంచీ వేళ్ళు తీసి కప్పు అందుకున్నాడు.

"అడవిదున్న సంగతేమో గానీ పెద్దయ్యా, ఈ లెక్కన చిన్నయ్య భుజం ముందు చస్తుంది," అన్నాడు.

"నువ్వు కాల్చు మరి," అన్నాడు రూలోఫ్.

"నేనా? నా పని జాడ చూడ్డం. దున్న ఎక్కడుందో చెప్పి పక్కకు తప్పుకోవడం."

"ఎప్పుడు తప్పుకున్నావు గనక!" అని ముసలాయన నవ్వాడు.

ఆ ఏడాది పాత రకం తుపాకి మందు ఎక్కడా దొరకలేదు. ఊరూరా దుకాణాలు తిరిగితే చివరకు దొరికింది వేరే రకం, ఒకే ఒక్క డబ్బా. నెమ్మదిగా మండే రకమే, పెద్ద రైఫిల్‌కు పనికొచ్చేదే. అయినా రకం మారిందంటే పాత తూకం చెల్లదు. పుస్తకంలో చెప్పిన అట్టడుగు తూకం దగ్గర మొదలుపెట్టి, మెట్టుకో తూటా కాల్చి, ప్రతి గుల్లా చదువుకుంటూ పైకెక్కాలి. రూలోఫ్‌కు ఆ ఓపిక లేదు.

"రెండూ ఒకే తీరు మందులేగా నాన్నా. పాత తూకమే వేసేస్తే పోయేది."

"పెళ్ళాం మారితే పాత అలవాట్లు చెల్లుతాయట్రా?"

ఎల్సబే తల వంచుకుని నవ్వింది. రూలోఫ్ మళ్ళీ కాల్చాడు. ఈసారి పిడి ఎత్తేటప్పుడు అతని మణికట్టు ఒక్క క్షణం ఆగింది. ఆ కాస్త ఆగడమే ముసలాయనకు వినపడింది.

"చాలు. ఎక్కాల్సినంత ఎక్కాం. ఇక దిగడమే."

"కొద్దిగానే పట్టింది నాన్నా."

"కొద్దిగా పట్టింది చలికాలం పొద్దున. ఎండ ముదిరాక, దున్న మీదికొస్తుంటే ఎంత పడుతుందో తెలుసా? మన తూటా రెండు మెట్లు కిందుంది. దున్నకు ఆ రెండు మెట్ల తేడా తెలీదు. నీకు తెలుస్తుంది."

మిగిలిన పై మెట్ల తూటాలను ఆయన విడిగా గుడ్డలో మూట కట్టి, విప్పెయ్యడానికని జేబులో వేసుకున్నాడు.

ఆ శనివారం మధ్యాహ్నమే ఎల్సబే మందు గదిలోకి వెళ్ళింది. ముసలాయన అప్పటిదాకా అక్కడే పని చేసి, పొరుగు పొలం ఆయన బండి వచ్చి ఆగితే లేచి వసారాలోకి పోయాడు. ఎండుమాంసం కోసుకు తింటూ వానల గురించీ, మేత గురించీ చెప్పుకుంటున్న మాటలు కిటికీలోంచి వినపడుతున్నాయి. రోజూ లాగే ఎల్సబే గుల్లలు తుడిచి వరస పేర్చింది. త్రాసు మీద గుడ్డ కప్పింది. లివరు తిప్పితే కొలిచి పోసే గాజు గరాటులో అడుగున మందు మిగిలుంది. గరాటులో మందు వదిలిపెట్టకూడదు. ఆ ఇంట్లో కాపురానికొచ్చిన ఏడే ఆమె నేర్చుకున్న మాటది. ఆ గదికి సారెల్ పెట్టిన సూత్రాలు చాలానే ఉన్నాయి. పొగ తాగేవాడు గుమ్మం దాటకూడదు. మాట్లాడుతూ తూకం వెయ్యకూడదు. అనుమానమొచ్చిన మందు గులాబీలకు చల్లాలి గాని డబ్బాలోకి పొయ్యకూడదు. అన్నిటికంటే పెద్ద సూత్రం, బల్ల మీద ఒకే డబ్బా ఉండాలి. గరాటులో ఏ మందుందో ఆ డబ్బాయే బల్ల మీద ఉండాలి. మిగతావన్నీ బీరువాలో, తాళం కింద.

బల్ల మీద ఒకే డబ్బా ఉంది. ఎల్సబే మూత తీసి, గరాటులో మిగిలింది అందులో పోసి, కుంచెతో గాజు శుభ్రంగా తుడిచి, మూత గట్టిగా బిగించింది.

దున్న వేటకు వెళ్ళిన రోజు బండి పెందలాడే తిరిగొచ్చింది. ఎల్సబే పెరట్లో బట్టలు ఆరేస్తోంది. వెనక తొట్టిలో రిసిమాటి లేడు. అతని టోపీ ఉంది. దాని అంచు మీద ఎండిన మట్టీ, మట్టి కానిదీ ఉన్నాయి.

రూలోఫ్ దిగి రైఫిల్‌ను బల్లెంలా పట్టుకుని నేరుగా తండ్రి దగ్గరికి వెళ్ళాడు. బోల్టు సగం లేచి అలాగే ఇరుక్కుపోయింది.

"రిసిమాటి ఏడీ?" అంది ఎల్సబే.

"ఆస్పత్రిలో. తొడ విరిగింది. బతుకుతాడు."

జరిగింది ముక్కలు ముక్కలుగా చెప్పాడు. డబ్బు కట్టి వేటకొచ్చిన జర్మనీ ఆయన దెబ్బ సరిగ్గా తగల్లేదు. దున్న రెల్లులోకి దూరింది. జాడ పట్టుకుని లోపలికెళ్ళాక మీదికొచ్చింది. రూలోఫ్ ఒక్కసారి కాల్చాడు. తగిలింది, ఆగలేదు. రెండోసారికి బోల్టు లేవలేదు. రాయిలా పట్టేసింది.

"అంతలో రిసిమాటి అడ్డంగా పరిగెత్తాడు," అన్నాడు. "దున్న వాడి వైపు తిరిగింది. అప్పుడు జర్మనీ ఆయన కొట్టాడు."

"అడ్డంగా ఎందుకు పరిగెత్తాడు?"

రూలోఫ్ భార్య వైపు చూడలేదు. "భయపడ్డాడని ఆ జర్మనీ ఆయనంటున్నాడు."

ముసలాయన రైఫిల్‌ను ఒళ్ళో పెట్టుకున్నాడు. కొయ్య సుత్తితో పిడిని కింద నుంచి నెమ్మదిగా తట్టాడు, ఒకసారి, మరోసారి. బోల్టు కీచుమని వదిలింది. గుల్ల ఊడి ఆయన అరచేతిలో పడింది. కళ్ళ దగ్గరగా పెట్టుకుని వెలుతురుకు తిప్పాడు. ఈ చలికాలమంతా ఆయన కళ్ళకు పాలు కలిపిన నీళ్ళలోంచి చూసినట్టే ఉంటోంది. ఆపరేషన్‌కు రమ్మని డాక్టరు చెప్పినా, వేటలు అయ్యాక చూద్దామంటూ వచ్చాడు. చూడ్డం మానేసి బొటనవేలు పెట్టాడు. గోటితో అడుగంతా ఒకసారి గీశాడు.

ఎల్సబే ఆ గోటినే చూస్తోంది. అది ఎక్కడా తట్టుకోలేదు. ఈ అంచు నుంచి ఆ అంచుకు గాజు మీద జారినట్టు జారిపోయింది.

ముసలాయన గుల్లను జేబులో వేసుకున్నాడు.

"ఇసుక," అన్నాడు.

"ఏంటి నాన్నా?"

"గొట్టంలో ఇసుక అడ్డుపడి ఒత్తిడి పెరిగింది. ఏరు దాటేటప్పుడు తుపాకీ ఎవరు మోశారు?"

"రిసిమాటే. ఎప్పుడూ వాడేగా మోసేది."

"మరదే."

రూలోఫ్ గట్టిగా ఊపిరి వదిలాడు. కుర్చీలో కూలబడి ముఖం రెండు చేతులతో తుడుచుకున్నాడు. ఏ దారీ లేనివాడికి ఒక దారి దొరికినట్టయింది. ఎల్సబే తడి చొక్కా చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది.

"ఆ బెల్టు కూడా ఇటియ్యిరా," అన్నాడు ముసలాయన. "మిగతా తూటాలకూ ఇసుక తగిలుంటుంది. తుడిచిస్తా."

సాయంత్రానికి ఆ మాట చుట్టుపక్కల పొలాలన్నిటికీ పాకింది. ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ ముందు అయ్యో అన్నారు, తరవాత ఇసుకన్నారు. "ఇన్నేళ్ళవాడు, గొట్టం మూతికి గుడ్డ చుట్టాలని తెలీదా?" అంది పొరుగు పొలం ఆవిడ. "వయసు మీద పడితే ఇంతే. ఇంకా నయం, రూలోఫ్ బతికాడు." ఎల్సబే ఫోన్ చెవికి ఆనించుకుని ఊ కొట్టింది. రిసిమాటి ఏ రోజు ఏరు దాటినా గొట్టం మూతికి గుడ్డ చుట్టి, పైన రబ్బరు బిగించి, అవతలి గట్టున విప్పి జేబులో పెట్టుకుంటాడు. ఆ గుడ్డ తన పాత ఏప్రన్‌లోంచి చింపిచ్చిందే. అది చెప్పడానికి నోరు తెరిచింది. అవతల ఆవిడ అప్పటికే కోళ్ళ తెగులు గురించి మొదలుపెట్టింది.

మామగారు పరువు కోసం అబద్ధమాడాడనుకుంది ఎల్సబే. ఈ లోయలో పెద్ద తుపాకీ పట్టే ప్రతివాడికీ తూటా కట్టడం నేర్పినవాడు. తన చేతి తూటా తప్పిందని ఒప్పుకుంటే ఆయన దగ్గర ఇంకేం మిగులుతుంది? రాత్రి భోజనాల దగ్గర ఆయన సంకటి ముద్ద ముట్టుకోలేదు. కోపం రావాల్సిన చోట ఆమెకు జాలేసింది. ఆ జాలి మీదే కోపమొచ్చింది.

మర్నాడు పొద్దున మంచుకు తడిసిన గులాబీ పాదుల దగ్గర ఆగిపోయింది. అత్తగారు నాటిన గులాబీలవి. చలికాలానికి మోకాలెత్తుకు కత్తిరించిన ముళ్ళ కొమ్మలు తప్ప ఏమీ లేవు. పాదుల్లో నల్లమట్టి మీద బూడిదరంగు పలుకులు పల్చగా, సమంగా చల్లి ఉన్నాయి. వంగి చిటికెడు తీసింది. మందు. పక్కనే గోడకు బోర్లించిన డబ్బా ఉంది. ఊరూరా తిరిగి తెచ్చిన ఒకే ఒక్క డబ్బా.

పరువు కాపాడుకునేవాడైతే, ఎవరికీ అనుమానం రాని డబ్బాను గులాబీల పాలు ఎందుకు చేస్తాడో ఆమెకు తోచలేదు. తోచిందల్లా ఒకటే. గొట్టంలో పడ్డది ఇసుకైతే డబ్బాలో మందు చేసిన పాపమేమిటి?

మందు గది తలుపు వేసుంది. తట్టి లోపలికెళ్ళింది. ముసలాయన బోలు సుత్తిలో తూటాను తలకిందులుగా బిగించి దుంగ మీద కొడుతున్నాడు. రెండు దెబ్బలకు గుండు ఊడి, దాంతో పాటు మందు సుత్తి కడుపులో రాలింది. దాన్ని ఒక తెల్ల సాసరులో పోశాడు.

"మామయ్యా. ఆ డబ్బా మీద అనుమానమెందుకొచ్చింది?"

ఆయన ఇంకో తూటా బిగించాడు. కొట్టలేదు.

"శనివారం గరాటు ఎవరు ఖాళీ చేశారమ్మా?"

"నేనే. పొరుగాయనొస్తే మీరు వసారాలోకెళ్ళారుగా."

"ఏ డబ్బాలోకి?"

"బల్ల మీదున్న దాన్లోకి. ఒకటేగా ఉంది."

"ఒకటే ఉంది." ఆయన తలాడించాడు. "అవును. ఒకటే. కానీ గరాటులోది దానిది కాదు. అప్పటిదాకా పొరుగాయన చిన్న రైఫిల్‌కు వేరే మందుతో తూటాలు కడుతున్నాను. ఆ డబ్బా బీరువాలో పెట్టేసి, పెద్దదాని పని మొదలెడదామని ఈ డబ్బా బయటికి తీశాను. గరాటు ఖాళీ చెయ్యకుండా. ఇంతలో బండి హారన్ మోగింది."

సాసరును ఆమె వైపు జరిపాడు. "నాకు అంతా ఒకటే బూడిదలా ఉంది. నీ కళ్ళతో చూడు."

ఎల్సబే సాసరును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. వేలితో పరిచింది. పొడుగాటి పలుకులు, తరిగిన దారప్పోగుల్లా. వాటి మధ్య, వాటికంటే ఎక్కువగా, పొట్టివి. చటుక్కున అంటుకునే చిన్న తుపాకీ మందు. డబ్బాలో పైన పోసింది పైనే ఉండి, ఆ తరవాత వేటకని కట్టిన మొట్టమొదటి తూటాల్లోకి దిగింది. తూకం తప్పలేదు. త్రాసుకు బరువే తెలుస్తుంది గాని రకం తెలీదు.

ఆమె సాసరును తెచ్చి బల్ల మీద పెట్టింది.

"మరి మీరు ఇసుకన్నారు."

"ఏమనమంటావు? గుల్ల మీద గోరు పెట్టగానే తెలిసింది. మందు కలిసిందంటే గరాటు. నేను ఖాళీ చెయ్యలేదంటే ఇంకెవరు చేశారు? వాడు ఎదురుగా నిలబడున్నాడు, చావు చూసొచ్చిన ముఖం. నా కోడలు చేసిందనమంటావా?"

"మీరు చేసిందనొచ్చుగా."

ముసలాయన సుత్తిని దుంగ మీద ఆనించాడు. సుత్తి పిడి మీద చేతులు రెండూ పెట్టుకున్నాడు.

"అనొచ్చు," అన్నాడు. "నోటికి ఇసుకే వచ్చింది."

మిగిలిన తూటాలను ఇద్దరూ కలిసి విప్పారు. ఆయన కొట్టాడు, ఆమె పోసింది. అన్నిట్లోనూ రెండు రకాల పలుకులే. సాసరు నిండింది. పని అయ్యాక ఆయన జేబులోంచి ఆ గుల్ల తీసి బల్ల మీద నిలబెట్టాడు.

"వాడికి నువ్వు చెప్పమ్మా. నా వల్ల కాదు."

రూలోఫ్ మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి వచ్చాడు. ఎల్సబే వంటింటి బల్ల మీద సాసరు పెట్టి, పక్కన గుల్ల పెట్టి, ఒక్క మాటా దాచకుండా చెప్పింది. అతను వేటగాడి కొడుకు, వేటగాడు. రెండో మాట చెప్పనక్కర్లేకపోయింది. పలుకులను వేలితో విడదీశాడు. గుల్ల అడుగున గోరు పెట్టి గీశాడు.

"వాడు పారిపోలేదు," అంది ఎల్సబే. "బోల్టు పట్టేసిందని చూసి, దున్నను తన వైపు తిప్పుకున్నాడు. నీకూ తెలుసు."

"తెలుసు."

"మరి?"

"మరేం చెయ్యమంటావు?" అతని గొంతు పైకి లేవలేదు, దానికే ఆమెకు భయమేసింది. "జర్మనీ ఆయన వాళ్ళ దేశంలో అందరికీ చెప్పేశాడు. లైసెన్సు వాళ్ళకు చెప్పాను. బీమా వాళ్ళకు చెప్పాను. ఇప్పుడెళ్ళి, కాదు, మా ఇంటి తూటాయే, మా ఆవిడ పోసింది, మా నాన్నకు కళ్ళు కనపడవు అననా? లైసెన్సు పోతుంది. ఇంక ఈ పొలానికి ఎవడొస్తాడు? నేను మూసేస్తే రిసిమాటికి ఎవరు పెడతారు?"

"ఇప్పుడు మాత్రం పెడుతున్నావా? నెలాఖరుకు గది ఖాళీ చెయ్యమన్నావుగా."

"కొత్త జాడగాడికి గది కావాలి ఎల్సబే. వాడిక నడవలేడు. కూతురు దగ్గరుంటాడు. నేను పంపిస్తుంటాను."

"ఇసుకన్న మాటైనా తీసెయ్యి."

అతను సాసరు తీసుకుని పెరట్లోకి నడిచాడు. ఆమె కిటికీలోంచి చూసింది. అత్తగారి గులాబీల మధ్య గొంతుక్కూర్చుని, మందును వేళ్ళ సందుల్లోంచి పల్చగా, సమంగా, తండ్రి నేర్పినట్టే చల్లాడు. ఎక్కడా కుప్ప పడనివ్వలేదు. తరవాత నీళ్ళ బకెట్టు తెచ్చి తడిపాడు. తిరిగొచ్చి సాసరు కడిగి బోర్లించాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎల్సబే అతన్ని ఏమీ అనలేకపోయింది. ఏమన్నా, ఆ పోసిన చెయ్యి తనదే.

గుల్ల మాత్రం బల్ల మీదే ఉంది. దాన్ని ఏప్రన్ జేబులో వేసుకుంది.

రిసిమాటిని ఇంటికి తెచ్చాక పనివాళ్ళ గదుల వైపు వెళ్ళింది. అతను గుమ్మం ముందు ఎండలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పిండికట్టు వేసిన కాలు బీరు క్రేటు మీద చాపుకున్నాడు. లోపల అతని భార్య బసాని గిన్నెలను దుప్పట్లో పెట్టి మూట కడుతోంది. ఎల్సబేను చూసి, మూట వదిలి టీ పెట్టడానికి లేచింది.

"టీ వద్దు బసానీ."

"మా ఇంటికొచ్చి వద్దంటారేంటమ్మా? ఇంకెన్నాళ్ళు పోస్తాం గనక," అంది బసాని, పొయ్యి వైపు తిరిగే.

ఎల్సబే చెప్పింది. తలెత్తకుండా, అతని కాలి కట్టు వైపే చూస్తూ చెప్పింది. గరాటు, డబ్బా, గులాబీలు. రిసిమాటి మధ్యలో అడ్డం రాలేదు. లోపల చెంచా చప్పుడు ఆగిపోయింది.

"ఆ మోత మన మోత కాదమ్మా," అన్నాడు చివరికి. "ఎన్నేళ్ళు ఆ తుపాకీ పక్కన నిలబడ్డాను. పేలగానే తెలిసింది. చిన్నయ్య పిడి ఎత్తక ముందే పరిగెత్తాను."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"ఎవరికి?"

రిసిమాటి తొడ మీద దురద పెట్టిందేమో, కట్టు అంచులోకి పుల్ల దూర్చి గోక్కున్నాడు.

"గొట్టం మూతికి గుడ్డ చుట్టావు కదూ?"

"అవతలి గట్టున విప్పి జేబులో పెట్టుకున్నాను. ఆ ప్యాంటు ఆస్పత్రిలో కోసేశారు." కొంచెం నవ్వాడు. "నాకీ మాట చెప్పడానికొచ్చారా అమ్మా, లేక ఇక్కడ దించి పోదామని వచ్చారా?"

"తెలీదు రిసిమాటీ."

"సరే. దించండి. బరువేగా."

బసాని టీ కప్పులు తెచ్చింది. ఎల్సబేకు మంచి కప్పు ఇచ్చింది, పిడి విరగనిది. ముగ్గురూ తాగారు. ఏటి వైపు నుంచి కొంగలు అరుచుకుంటూ పోయాయి. కప్పు కింద పెట్టి ఎల్సబే జేబులోంచి ఇత్తడి గుల్ల తీసి అతని చేతికిచ్చింది.

"ఇది నీ దగ్గరుంచుకో. ఎప్పుడైనా, ఎవరికైనా చూపిస్తే తెలుస్తుంది. చదవగలిగినవాడికి."

రిసిమాటి దాన్ని తిప్పి చూశాడు. బొటనవేలి గోటితో అడుగున ఒకసారి గీశాడు. గోరు జారిపోయింది. పిడికిట్లో మూసుకుని కాసేపు అలాగే కూర్చున్నాడు. బసాని అతని ముఖం వైపు చూసి, లోపలికెళ్ళి మూట ముడి మళ్ళీ బిగించింది.

అతను పిడికిలి తెరిచి గుల్లను ఆమె వైపు చాచాడు.

"మీ దగ్గరే ఉంచండమ్మా. నా పెట్టెలో దొరికితే దొంగిలించానంటారు."

ఎల్సబే చెయ్యి చాపింది. గుల్ల అప్పుడే పేలినట్టు వెచ్చగా ఉంది.